అబ్బాయికి నాణేల పిచ్చి పట్టింది, ఎక్కడ కొనిపెట్టాలి?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది ఆమదాలవలస. మా బాబు తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో మా మావగారి ట్రంకు పెట్టె సర్దుతుంటే పాత పౌడరు డబ్బాలో పద్నాలుగు నాణేలు దొరికాయి. అప్పటి నుంచి వాడికి అదే లోకం. ఇంకా కొనిపెట్టమని గొడవ. నెలకు మూడు వందల దాకా ఇవ్వగలను గానీ ఎక్కడ కొనాలో తెలీదు. ఫోన్లో చూస్తే వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకు పది లక్షలు ఇస్తామంటున్నారు. ముందు రిజిస్ట్రేషన్‌కి 1,150 కట్టాలట. మా ఆయన ఇదంతా మోసం, పైగా చదువు పాడవుతుంది అంటున్నారు. మోసపోకుండా మా తాహతులో కొనే చోటు ఏదైనా ఉందా? డబ్బాలో తామర పువ్వు ఉన్న ఇరవై పైసలు కూడా ఉన్నాయి. అందులో బంగారం కలిసిందని పక్కింటావిడ అంటోంది, నిజమేనా? మా అత్తగారేమో అన్నిటినీ చింతపండుతో తోమి తళతళలాడేలా చేస్తానంటున్నారు.
ఒక తల్లి, ఆమదాలవలస

సమాధానం:

అమ్మా, ముందు ఆ 1,150 కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

వైష్ణోదేవి నాణేలు నిజంగానే ఉన్నాయి. 2012లో అయిదు, పది రూపాయల బిళ్ళల మీద వేశారు. మామూలు చలామణీ కోసం లెక్కలేనన్ని వేశారు. మా వీధి కిరాణా కొట్టాయన గల్లాపెట్టెలో నేనే మూడు ఏరుకున్నాను, అయిదు రూపాయలకి అయిదు రూపాయలే ఇచ్చి. దానికి పది లక్షలు ఇచ్చే పిచ్చివాడు ఎవడూ లేడు. వాళ్ళ లెక్క వేరు. మొదట రిజిస్ట్రేషన్ అంటారు. అది కడితే జీఎస్టీ అంటారు. అదీ కడితే డబ్బు తెస్తున్న బండిని చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు, విడిపించడానికి ఇంకో అయిదు వేలు అంటారు. ఇలా ఎనభై వేల దాకా పోగొట్టుకున్న మనిషి మా బంధువుల్లోనే ఉన్నారు. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అమ్మేవాడి దగ్గర వసూలు చేయడమేమిటి? ఈ ఒక్క ముక్క ఆలోచిస్తే చాలు. కొందరు రిజర్వు బ్యాంకు ముద్ర వేసిన కాగితం కూడా పంపుతారు. తనకు పాత నోట్లు, నాణేల వ్యాపారంతో ఏ సంబంధమూ లేదని, ఎవరినీ కమీషను అడగదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది.

దీనికి పెద్దన్నలాంటి మోసం ఇంకోటి ఉంది. రైస్ పుల్లింగ్. మన జిల్లాల వాళ్ళకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉన్న రాగి నాణెం అని నమ్మిస్తారు. ఒక పక్క రామదర్బారో హనుమంతుడో, ఇంకో పక్క ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818 అని ఉంటుంది. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. అవి ఈ మధ్య తయారుచేసిన బొమ్మ బిళ్ళలు, అంతే. తీర్థాల్లో చాపల మీద ఇవే ఎక్కువ కనపడతాయి. మీ బాబు ఇరవై రూపాయలకి ఒకటి కొంటే కొననివ్వండి, అది అబద్ధపు నాణెం ఎలా ఉంటుందో నేర్పే పాఠం. రెండు వేలంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేయండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఎక్కడ చవగ్గా దొరుకుతుంది అని అడిగారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ పిచ్చిలో ఉన్నవాడిగా నేను దాన్ని కొంచెం మార్చి అడుగుతాను. అది దొంగ నాణెమని తేలితే తిరిగి తీసుకునేది ఎవరు? ఆ మనిషి దగ్గర కొనండి. పది రూపాయలు ఎక్కువైనా సరే.

ఈ బుద్ధి నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ కిందట విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం చూసి వస్తున్నాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఒకతను చాప పరచుకుని నాణేలు అమ్ముతున్నాడు. అందులో 1911 రూపాయి కనపడింది. దాని మీద బ్రిటిష్ రాజు అయిదో జార్జి వేసుకున్న అంగీ మీది గొలుసులో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. ఆ ఏడాది వేసిన వాటిల్లో దాని తొండం పొట్టిగా వచ్చి, చూసేవాళ్ళకి పందిలా కనపడింది. గొడవ అవుతుందని సర్కారు వెనక్కి తెప్పించి చాలా మటుకు కరిగించేసింది, 1912లో ఏనుగును సరిచేసి మళ్ళీ వేసింది. అందుకే దాన్ని పంది రూపాయి అంటారు. అది చూసేసరికి నాకు గుండె దడ మొదలైంది. బేరం కూడా సరిగ్గా ఆడకుండా తొమ్మిది వందలు పెట్టి కొన్నాను. మర్నాడు తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించాను. ఆ కాలం వెండి రూపాయి 11.66 గ్రాములు తూగాలి. అరిగినా కాస్తే తగ్గుతుంది. నాది పది గ్రాములు కూడా లేదు. కంసాలి భూతద్దం పెట్టి అంచు చూపించాడు. చుట్టూ సన్నటి గీత, అచ్చు రెండు ముక్కలు కలిసిన చోటు. పోత నాణెం, అంటే దొంగది. పరుగు మీద మూడు లాంతర్లకి వెళ్ళాను. సంబరం అయిపోయింది, చాపా లేదు, మనిషీ లేడు. తప్పు అతనిదొక్కడిదే అననులెండి, తక్కెడ ఉన్న కొట్లు వంద అడుగుల్లోనే ఉండగా తూచకుండా కొన్నది నేను.

ఇప్పుడు మీ మూడు వందల సంగతి చూద్దాం. మొదటి రెండు నెలలు నాణేలు అసలు కొనొద్దు. ఆ డబ్బుతో ఒక చిన్న డిజిటల్ తక్కెడ కొనండి, గ్రాములో నూరో వంతు చూపించేది. మూడు నాలుగు వందల్లో వస్తుంది. ఒక భూతద్దం, ఒక చిన్న అయస్కాంతం కూడా. ఈలోగా నాణేలు ఊరికే వచ్చే చోట్లు ఉన్నాయి, అవి చెబుతాను.

మొదటిది మీ ఇంటి చిల్లర. మన దేశంలో నాణేలు నాలుగు చోట్ల తయారవుతాయి: ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా. నాణెం మీద సంవత్సరం అంకె కింద చూడమనండి. వజ్రం గుర్తు ఉంటే ముంబై. చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది అయిదు రూపాయల బిళ్ళని నాలుగు టంకశాలల నుంచీ సంపాదించమని మీ బాబుకి చెప్పండి. వినడానికి చిన్న పనే, చేయడానికి నెలలు పడుతుంది. ఖర్చు ఇరవై రూపాయలు, అదీ ఖర్చు కాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు సోడా తాగేయొచ్చు. నేను బడిలో పిల్లలకి మొదట ఈ ఆటే నేర్పేవాణ్ణి. నెల తిరిగేసరికి ఒక్కొక్కడూ నాణెం తిప్పి చూడకుండా చిల్లర తీసుకునేవాడు కాదు. ఆ కన్ను పడితే చాలు, తర్వాత ఎవడూ సులువుగా మోసం చేయలేడు.

రెండోది బ్యాంకు. మీకు ఖాతా ఉన్న శాఖలో రద్దీ లేని వేళ, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళి కొత్త నాణేల ప్యాకెట్టు ఉందా అని క్యాషియరుని అడగండి. నెల మొదటి వారంలో పింఛన్ల రద్దీలో అడిగితే ఎవరికైనా చిరాకే. సాధారణంగా ప్యాకెట్టుకి వంద ఉంటాయి. రూపాయి నాణేలైతే వంద రూపాయలు. 2022 జూన్‌లో ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ గుర్తుతో రూపాయి నుంచి ఇరవై దాకా కొత్త వరస వచ్చింది. అది పూర్తిగా సంపాదిస్తే 38 రూపాయలు. మంచివి ఏరుకుని మిగతావి కిరాణా కొట్టులో ఇచ్చేయండి. పది రూపాయల బిళ్ళ తీసుకోం అనే కొట్లు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి. అవి చెల్లవన్న పుకారు మనకి మేలే చేసింది. ఎవరూ తీసుకోవడం లేదని డబ్బాల్లో పడేసినవాళ్ళు అడగ్గానే ఇచ్చేస్తారు. పది రూపాయల్లో అప్పటికి 14 రకాల బొమ్మలు ఉన్నాయి, అన్నీ చెల్లుతాయి అని 2018లో రిజర్వు బ్యాంకు చెప్పింది. వెతకడానికి ఇంతకంటే చవకైన వేట లేదు.

మూడోది మన జిల్లాకే ఉన్న వరం. ఉద్దానం వైపు, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం ఊళ్ళలో గల్ఫుకి, సింగపూరుకి పనికి వెళ్ళని ఇల్లు తక్కువ. సెలవుకి వచ్చినవాళ్ళ ప్యాంటు జేబుల్లో, సూట్‌కేసు అడుగున దిర్హములు, ఫిల్సులు, రియాళ్ళు మిగిలిపోతాయి. మన దేశంలో ఆ చిల్లరని ఎవరూ మార్చుకోరు. మీ చుట్టాల్లో ఎవరైనా ఉంటే అడగండి. "అయ్యో, దీనికేముందే, పట్టుకుపో" అంటారు. యూఏఈ దిర్హము మీద కాఫీ కూజా ఉంటుంది. దాల్లా అంటారు. అది ఎందుకుందో మీ బాబు తెచ్చినవాళ్ళనే అడగనివ్వండి. మా ఇంట్లో విదేశీ నాణేల డబ్బా సగం ఇలా నిండిందే.

ఇక మూడో నెల నుంచి కొనడం. ఏం కొనాలో ముందు, ఎక్కడో తర్వాత.

తెలుగు పిల్లాడికి మొదటి కొనుగోలు ఏదైనా సరే ఒక అణా బిళ్ళ అయ్యుండాలి అన్నది నా అభిప్రాయం. దీనికి కారణం ఉంది. ఏడో ఎడ్వర్డు కాలంలో మొదలై, అయిదో జార్జి, ఆరో జార్జి దాకా వేసిన అణా మీద విలువను నాలుగు భారతీయ భాషల్లో రాశారు. హిందీ, బెంగాలీ, ఉర్దూ, నాలుగోది తెలుగు. అంచు పువ్వు రేకుల్లా వంపులు తిరిగి ఉంటుంది. లండన్‌లో కూర్చున్న రాజు తల ఒక పక్క, మన అక్షరాలు రెండో పక్క. అంత చరిత్ర ఉన్న నాణెం మామూలు స్థితిలో యాభై, వంద రూపాయల మధ్య వచ్చేస్తుంది, ఎందుకంటే అవి కుప్పలుగా వేశారు. పాతది అంటే ఖరీదైనది అనుకోవడం కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు. ధర పెట్టేది వయసు కాదు, మిగిలినవి ఎన్ని, కావాల్సినవాళ్ళు ఎందరు, అచ్చు ఎంత నిలిచి ఉంది అన్నవే.

అణా తర్వాత 1943 నుంచి 1947 దాకా వేసిన, నడిమధ్య బొక్క ఉన్న కాణీ, అంటే పావు అణా. యుద్ధకాలంలో రాగి ఆదా చేయడానికి బొక్క పెట్టారు. బోల్టులకి వాషర్లుగా వాడేసేవాళ్ళని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. తర్వాత 1950లో మన గణతంత్రం మొదటిసారి వేసినవి: గుర్రం బొమ్మ పైసా, ఎద్దు బొమ్మ అణా, బేడ (అంటే రెండణాలు). 1957 ఏప్రిల్ 1న దశాంశ లెక్క వచ్చాక వేసిన నయా పైసలు. ఇవన్నీ మీ మూడు వందల్లోనే, నెలకి రెండు మూడు చొప్పున వస్తాయి. కాణీ, అర్ధణా, అణా, బేడ, పావలా, అర్ధ రూపాయి, రూపాయి. ఈ మెట్లన్నీ పూర్తి చేయమనండి. నాలుగు కాణీలు ఒక అణా, పదహారు అణాలు ఒక రూపాయి. ఆ లెక్క మీ అత్తగారికి నోటికి వస్తుంది, మనవడికి చెప్పనివ్వండి. చదువు పాడవుతుందన్న మీవారి బెంగకి నా దగ్గర ఉన్న జవాబు ఇదొక్కటే.

ఎక్కడ? మన శ్రీకాకుళం, విజయనగరాల్లో పాత నాణేలు కనపడేది ఎక్కువగా వెండి బంగారం కొట్లలో, పాత సామాను కొనే కొట్లలో. మీ ఇంట్లో పుస్తెల తాడు చేయించిన కంసాలి ఉంటాడు కదా, అతన్నే అడగండి. కరిగించడానికి వచ్చిన వాటిల్లో రాజుల రూపాయలు తరచూ ఉంటాయి. మీరు మళ్ళీ అతని గుమ్మం తొక్కాల్సినవాళ్ళు, అతను మీ ముఖం చూడాల్సినవాడు. నేను చెప్పిన తిరిగి తీసుకునే మనిషి అంటే ఇలాంటివాడే. పాత సామాను కొట్లో రాగి, ఇత్తడి తూకం లెక్కన అమ్ముతారు. అక్కడ కాణీలు పది పదిహేనుకి కూడా దొరికిన రోజులున్నాయి. బిల్లు అడిగితే నవ్వుతారు, కనీసం ఫోన్ నంబరు తీసుకోండి.

వెండి రూపాయి దగ్గర మాత్రం లెక్క తెలియాలి. 1939 దాకా వేసినవాటిల్లో వెండి నూటికి 91.7 పాళ్ళు. 11.66 గ్రాముల్లో అసలు వెండి 10.69 గ్రాములు. ఆ రోజు పేపర్లో గ్రాము వెండి ధర ఎంతో చూసి 10.69తో గుణించండి. అది నాణేనికి అడుగు ధర, అంటే కనీస ధర. 1918, 1919 లాంటి మామూలు సంవత్సరాలకి దానికి పైన కొద్దిగా ఇవ్వొచ్చు. రెట్టింపు అడిగితే వెనక్కి వచ్చేయండి. అడుగు ధరకంటే బాగా తక్కువకి ఇస్తానన్నా వెనక్కి వచ్చేయండి, తనకి నష్టం చేసుకుని ఎవరూ అమ్మరు. 1940 నుంచి 1945 దాకా వెండి సగానికి తగ్గించారు, వాటిల్లో 5.83 గ్రాములే. 1947 రూపాయిలో వెండి అసలు లేదు, నికెల్. అయస్కాంతానికి ఠక్కున అతుక్కుంటుంది. వెండి రూపాయి ఎప్పుడూ అతుక్కోదు. 1939 రూపాయి చాలా అరుదు, అందుకే దొంగవి ఎక్కువ. ఎవరైనా అది చూపిస్తే చూసి ఆనందించండి, అంతవరకే.

ఇంకో రెండు చిక్కులు. ధనత్రయోదశికి, వ్రతాలకి కొట్లలో అమ్మే విక్టోరియా రాణి రూపాయలు, జార్జి రూపాయలు చాలా మటుకు పూజ కోసం ఇప్పుడు కొత్తగా అచ్చు వేసినవి. వెండి నిజమే కావచ్చు, నాణెం నిజం కాదు. మోసమని కాదు, పూజకి అవే బాగుంటాయి. సేకరణకి పనికిరావు. రెండోది, సీతంపేట, సాలూరు ఏజెన్సీ వైపు నుంచి వచ్చే రూపాయలు. అక్కడి ఆడవాళ్ళు రూపాయల దండలు వేసుకునేవారు. దండకి అతికిన కొక్కెం పీకేసి అంచు అరగదీసి అమ్ముతారు. పైన పన్నెండు గంటల చోట అంచు నున్నగానో ఉబ్బుగానో ఉందేమో చూడండి. ఉంటే ధర వెండి విలువకే. నా మటుకు నాకు కొక్కెం ఉన్నదే ఇష్టం, ఎవరి మెడలోనో తిరిగిన రూపాయి అది. బేరంలో మాత్రం ఆ మాట పైకి అనను.

టంకశాల నుంచి నేరుగా కొనొచ్చా అని మీరు అడగలేదు గానీ బాబు అడుగుతాడు. కొనొచ్చు. టంకశాలలు నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎస్‌పీఎంసీఐఎల్ తన వెబ్‌సైటులో జ్ఞాపక నాణేలు అమ్ముతుంది. దొంగ నాణెమన్న భయం అసలు ఉండదు. ఖరీదే మనకి అందదు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం గుర్తుందా? హైదరాబాద్ టంకశాలలో వేశారు. సగం వెండి. మీద వంద అని ఉన్నా అమ్మింది వేలల్లో. కొన్న ధరకి తిరిగి అమ్ముడుపోతుందన్న భరోసా కూడా లేదు. పదో తరగతి పాసైతే బహుమతిగా ఒకటి తెప్పించండి, నెలనెలా పెట్టే ఖర్చు కాదు ఇది. అలా కొనేటప్పుడు ఆ వెబ్‌సైటు పేరుని పోలిన పేర్లతో దొంగ సైట్లు ఉంటాయని మాత్రం మరవకండి. ప్రకటన మీద నొక్కి వెళ్ళకుండా మీరే పేరు టైపు చేసుకుని వెళ్ళండి.

ఆన్‌లైన్లో మామూలు అమ్మకందార్ల దగ్గర కొనడం తప్పు కాదు. నేనూ కొంటాను. కానీ మొదటి ఏడాది వద్దు. కొనాల్సి వస్తే అదే నాణేనికి తీసిన ఫోటోలు అడగండి, రెండు పక్కలా, అంచు కూడా, తక్కెడ మీద పెట్టి ఒకటి. ఎక్కడో తీసిన బొమ్మ పెట్టి వేరేది పంపడం మామూలే. వారంలో తిరిగి తీసుకుంటానని వాట్సాప్‌లో రాసి ఇమ్మనండి. మాట ఇవ్వనివాడికి డబ్బు ఇవ్వకండి. కవరు విప్పేటప్పుడు బాబుని ఫోన్‌తో వీడియో తీయమనండి, ఆ పని వాడికి సరదా. డబ్బు మీకు రావాలంటే క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవరన్నా అంటే, అది మీ ఖాతా లోంచి పోవడానికే. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ అప్పుడప్పుడు నాణేల, తపాలా బిళ్ళల ప్రదర్శనలు పెడతారు. మీ ఊళ్ళోనే శ్రీకాకుళం రోడ్ స్టేషన్, పొద్దున్నే రైలెక్కితే విశాఖ ఎంతసేపు? బాబుని తప్పకుండా తీసుకెళ్ళండి. ఒకే హాల్లో పది ఇరవై మంది వ్యాపారులు బల్లలు వేసుకుని కూర్చుంటారు. ఒక బల్ల దగ్గర అణా ధర అడిగి, నాలుగు బల్లలు తిరిగితే అసలు ధర ఏమిటో అర్థమైపోతుంది. చవక నాణేలు ట్రేలో కలగాపులగంగా పోసి ఏదైనా ఇరవై, ఏదైనా యాభై అంటారు. పిల్లలకి అసలు పండుగ అదే. మొదటి రౌండులో ఏమీ కొనకూడదని ముందే ఒట్టు వేయించుకోండి. మధ్యాహ్నం తర్వాత కొనాలి, సర్దుకునే వేళకి ధరలు దిగుతాయి. విజిటింగ్ కార్డు ఇచ్చి, నచ్చకపోతే మార్చుకో బాబూ అన్న వ్యాపారిని గుర్తు పెట్టుకోండి. తర్వాత అతనే స్పీడ్ పోస్టులో పంపుతాడు. వేలం పాటల జోలికి ఇప్పుడు వెళ్ళక్కర్లేదు. పాడిన ధర మీద కమీషను, పన్ను కలుస్తాయి.

ఒక్క రకం నాణెం మాత్రం ఎవరు ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. "మా పొలం దున్నుతుంటే దొరికిందండీ" అన్నది. మనం ఉన్నది కళింగ గడ్డ. ముఖలింగం గంగ రాజుల రాజధాని. ఒక పక్క నంది, రెండో పక్క రాజు ఏలుబడి సంవత్సరం ఉన్న వాళ్ళ బుల్లి బంగారు నాణేలు, ఫణాలంటారు, గోరంత కూడా ఉండవు. పురాతన స్థలాలు శాలిహుండం, దంతవరపుకోట మీకు తెలిసినవే. ఇక్కడ నేల కింద నిజంగానే ఏదైనా ఉండొచ్చు. అందుకే ఆ కథ నమ్మబుద్ధవుతుంది. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకి తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది. దాచి అమ్మడం నేరం. అంటే ఆ కథ అబద్ధమైతే మీకొచ్చింది దొంగ నాణెం, నిజమైతే కేసు. రెండు విధాలా మీకే నష్టం. అలాగే వందేళ్ళు దాటిన నాణేలు దేశం దాటించకూడదు. మీ గల్ఫు చుట్టాలు "అక్కడ అమ్మిపెడతాం" అంటే వద్దనండి.

ఆ డబ్బా గురించి. తామర పువ్వు ఇరవై పైసలు 1968 నుంచి 1971 దాకా వేసినవి. ఇత్తడి జాతి లోహం, బంగారం లేదు. ఆ రంగు చూసి అప్పట్లోనే ఈ మాట పుట్టింది. మా అమ్మ కూడా ఒక గుప్పెడు దాచింది, పాపం. ముప్ఫై నలభై రూపాయలకి ఒకటి దొరుకుతుంది. పక్కింటావిడ దగ్గర ఉంటే బాబు కోసం ఒకటి అడగండి, ఇప్పుడు ఇచ్చేస్తుందేమో. మిగతావన్నీ ఏమిటో బాబుని ఒక నోటుబుక్కులో రాయమనండి: సంవత్సరం, తూకం, అయస్కాంతానికి అతుక్కుందా లేదా, ఎవరి దగ్గర వచ్చింది. చివరి గడిలో అన్నిటికీ "తాతయ్య" అనే పడుతుంది. వాటిని అమ్మనివ్వకండి.

అత్తగారి చింతపండు మాత్రం దయచేసి ఆపండి. బుడితి ఇత్తడి చెంబు తోమినట్టు నాణెం తోమకూడదు. పులుపు పైపొరని తినేస్తుంది, ఆ తళతళ చూడగానే కొనేవాడు సగం ధర తగ్గించేస్తాడు. పీతాంబరి, టూత్‌పేస్టు, నిమ్మకాయ, ఏదీ వద్దు. మట్టి ఉంటే మంచినీళ్ళలో కాసేపు ఉంచి, రుద్దకుండా, మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వాలి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే కొన్నాళ్ళకి పచ్చగా జిగురు పడుతుంది, అట్టముక్కల మధ్య పెట్టే గట్టి హోల్డర్లు కొనండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోవాలి. అత్తగారు ఇప్పటికే రెండు మూడు తోమేసి ఉంటే ఏమీ అనకండి. అవి ఎలాగూ అమ్మేవి కావు కదా.